దయామణి గారి చివరి పంట

దయామణి గారు ఇక లేరు. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. కెనడాలో ఒషావాకు ఉత్తరాన ఉన్న తన చిన్న పొలంలో, వాన వెలిసిన ఒక ఉదయం, మొక్కల వరుసల మధ్య ఆమె కుప్పకూలిపోయారు. పక్క పొలం రైతు పరుగెత్తుకొచ్చేసరికే గుండె ఆగిపోయింది. నేను ఆఫీసుకు వెళ్తూ మిల్టన్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా ఆమె కూతురు రూత్ ఎడ్మంటన్ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పోయింది. షీ ఈజ్ గాన్," అని ఏడ్చింది. "ఏ హాస్పిటల్‌లో ఉన్నారు?" అన్నాను నేను. పోయిందని చెబుతుంటే ఆస్పత్రి పేరు అడిగాను. దిగ్భ్రాంతి అనే మాటను పత్రికల్లో ఎన్నోసార్లు చదివాను గాని, దాని అర్థం ఆ ప్లాట్‌ఫారం మీదే తెలిసింది.

చర్చిలో సంస్మరణ సభ ఘనంగా జరిగింది. ఆమె కరుణామూర్తి అన్నారు. నర్సుగా ఎందరికో సేవ చేసిన ధన్యురాలు అన్నారు. క్రిస్మస్‌కు ఆమె చేసే గులాబీ పువ్వుల పిండివంట రుచి గురించి ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ చెప్పారు. ఆమె తన చివరి ఏళ్ళన్నీ ధారపోసిన పొలం గురించి మాత్రం ఒక్కరూ నోరు మెదపలేదు. మనిషిలో సగాన్ని పొగిడి, మిగతా సగాన్ని దాచేశారు. ఆ మిగతా సగం కోసమే ఈ వ్యాసం. దయామణి గారు గంజాయి పండించారు. దొంగచాటుగా కాదు. లైసెన్సు తీసుకుని, కంచె వేసి, ఆరుబయట ఎండలో, చుక్క పురుగుమందు కొట్టకుండా పండించారు. చదవడం ఇక్కడ ఆపేయాలనుకునేవాళ్ళు నిరభ్యంతరంగా ఆపేయవచ్చు.

ఆమె నరసాపురం దగ్గర పుట్టి, నర్సింగ్ చదివి, ఒషావాలో ఒక వృద్ధాశ్రమంలో పనిచేసి రిటైరయ్యారు. కీళ్ళ నొప్పులతో రాత్రంతా మూలిగే ముసలివాళ్ళు గంజాయి నూనె చుక్కలతో కాస్త కునుకు తీయడం ఆమె కళ్ళారా చూశారు. భర్త శామ్యూల్ గారు కూడా చివరి రోజుల్లో ఆ చుక్కలతోనే కొంత నెమ్మదించారు. ఆయన పోయాక ఒషావాలోని ఇల్లు అమ్మేసి ఈ పొలం కొన్నారు. "రోగి నోట్లోకి వెళ్ళేదాని మీద విషం ఎలా చల్లుతామమ్మా? నేనైతే చల్లను," అనేవారు. ఆమె వ్యవసాయమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది.

పొలాన్ని కూడా వార్డులాగే చూసుకున్నారు. తెల్లారగానే రౌండ్సుకు బయల్దేరేవారు. సెప్టెంబరు వానలకు పూగుత్తుల లోపల నీరు నిలిచి బూజు పడుతుంది. ఒక్క గుత్తికి పట్టిందంటే చూస్తుండగానే తోటంతా పాకుతుంది. ఆమె ఒక్కో మొక్కనూ మెల్లగా ఊపి నీళ్ళు రాల్చి, గుత్తిని విప్పి చూసి, జబ్బుపడిన భాగాన్ని కత్తిరించి, మరో మొక్కను తాకేముందు కత్తెరను స్పిరిట్‌తో తుడిచేవారు. పేనుబంక పడితే దాన్ని తినే అక్షింతల పురుగులను డబ్బాల్లో తెప్పించి సాయంత్రం పూట తోటలో వదిలేవారు. నేను ఆంటీ అని పిలుస్తూ శని, ఆదివారాలు ఆమె దగ్గర ఈ పని నేర్చుకునేదాన్ని. ఒకసారి తుడవని కత్తెరతో పక్క మొక్క దగ్గరికి వెళ్ళబోతే నా చెయ్యి పట్టుకుని, "జ్యోతీ, ఒకరికి పొడిచిన సూది ఇంకొకరికి పొడుస్తావా?" అన్నారు. ఆ తర్వాత ఇంట్లో కూరగాయలు తరిగేటప్పుడు కూడా నా చెయ్యి స్పిరిట్ కోసం వెతికేది.

ఇంటి పక్క మడిలో గోంగూర వేసేవారు. గోంగూర ఆకుకూ గంజాయి ఆకుకూ పోలిక ఉందన్న సంగతి మనవాళ్ళలో చాలామందికి ఆ పొలానికి వచ్చాకే తెలిసింది. ఒక వేసవిలో చర్చి నుంచి వచ్చిన ఒకావిడ ఆ మడిని చూసి, "అయ్యో, ఇంటి గోడకు ఆనించి ఇంత బహిరంగంగానా!" అని బుగ్గలు నొక్కుకున్నారు. ఆంటీ కడుపుబ్బ నవ్వి, నాలుగు ఆకులు తుంచి ఆవిడ చేతిలో పెట్టారు.

"నమిలి చూడండి వదినగారూ. పుల్లగా ఉంటే మనది, వేళ్ళకు జిగురంటుకుంటే లైసెన్సుది."

ఆవిడ నమలలేదు. కట్ట కట్టి ఇచ్చిన గోంగూరను కారెక్కేముందు గేటు దగ్గరే వదిలేసి వెళ్ళారు. ఆ మాట ఎలా పాకిందో ఏమో, అంతకుముందు గోంగూర కోసం ఎగబడినవాళ్ళెవరూ మళ్ళీ రాలేదు. ఆంటీ ఆ కట్టలన్నిటినీ నిల్వపచ్చడి పెట్టి నాకే ఇచ్చారు. నవ్వుతూనే ఇచ్చారు.

వెలి గోంగూరతో ఆగితే బాగుండేది. లైసెన్సు ఆమె ఒక్కరి పేరు మీదే ఉంది. ఆమెకు ఏమైనా అయితే పంట బాధ్యత తీసుకోవడానికి దగ్గర్లో ఉండే రెండో మనిషి పేరు కావాలి. ఆ మనిషి గురించి ప్రభుత్వం వాకబు చేసి సరేననాలి. రూత్ ఉండేది విమానమెక్కి రావాల్సిన ఎడ్మంటన్‌లో. అందుకని ఆంటీ తెలిసిన ప్రతి గుమ్మమూ ఎక్కారు. ఒకసారి మిల్టన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆయన ఇంటికి నేనే తీసుకెళ్ళాను. ఆయన మర్యాదగా కాఫీ ఇచ్చి, మర్యాదగానే తప్పుకున్నారు.

"మీరంటే చాలా రెస్పెక్ట్ ఆంటీ. కానీ నాకు ఎప్పుడూ డాలస్ ట్రావెల్ ఉంటుంది. గంజాయి ఫామ్‌లో నీ పేరుందేంటని అమెరికా బోర్డర్‌లో ఆపేస్తే నా జాబ్ పోతుంది."

"నీ భయం నిజమే నాన్నా, కాదనను. రేపు నేను పోతే ఆ పంట కోసేదెవరా అన్నదే నా బెంగ."

"అలా మాట్లాడకండి. మీరు నూరేళ్ళుంటారు."

పేరు ఇవ్వలేనివాళ్ళు ఆయుష్షు మాత్రం ఎంత ఉదారంగా ఇస్తారో! వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆమెకు నూరేళ్ళు ఇచ్చి పంపారు. చివరికి నేను ఇచ్చాను నా పేరు. హైదరాబాదులో పెరిగి, అమెరికాలో పనిచేసి ఇక్కడికి వచ్చినదాన్ని కాబట్టి ప్రతిచోటి నుంచీ పోలీసు కాగితాలు రావాలన్నారు. అవి రాకముందే ఆమె వెళ్ళిపోయారు. ముందే ఎవరైనా ఒక్కరు సరేనని ఉంటే, ఈ వ్యాసం ఇక్కడ ముగిసేది.

అంత్యక్రియలైన మర్నాడే లైసెన్సు ఆఫీసుకు ఫోన్ చేశాను. కోతకు ఇంకా కొద్దిరోజులే ఉంది, మీ మనిషిని ఒకరిని నిలబెట్టుకోండి, మీ కళ్ళముందే కోస్తాం అని బతిమాలాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా విన్నది. అనుమతి ఉన్న మనిషి లేని పొలంలో పంట కోయడానికి వీల్లేదని, నాశనం చేయాల్సిందేనని చెప్పింది. ఆ పిల్ల గొంతులో కూడా బాధ ఉంది. నా కోపం ఆమె మీద కాదు.

చెప్పిన రోజున ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. రూత్, నేను బూట్లు వేసుకుని తోటలో నిలబడ్డాం. ఎండ బాగా కాస్తోంది. పొలమంతా పూల ఘాటు. తల్లి చేసే సాగును రూత్ ఏనాడూ కాదనలేదు, అర్థం చేసుకోనూ లేదు. ఆ రోజు మాత్రం అడిగింది.

"అక్కా, వాజ్ ఇట్ ఎనీ గుడ్? ఈ ఇయర్ బాగా వచ్చిందా?"

భూతద్దం తీసి ఒక గుత్తి మీద పెట్టాను. పువ్వు మీది జిగురు బొట్లు గాజులా ఉంటే ఇంకా లేతదని, పాలరంగుకు తిరిగి అక్కడక్కడా తేనెరంగు కనిపిస్తే కోతకు వచ్చినట్టని ఆంటీ నేర్పారు. గుత్తి తర్వాత గుత్తి చూశాను. అంతా పాలరంగు, మధ్యమధ్య తేనెరంగు. ఎక్కడా చిన్న మచ్చ లేదు. "ఇవాళే కోయాలి," అన్నాను. రూత్ తలూపింది.

తర్వాత మొక్కలను మొదలంటా నరికి, మేమే మోసుకెళ్ళి యంత్రంలో వేశాం. ముక్కలైనదాన్ని మట్టితో, పెంటతో కలిపించి ఎవరికీ పనికిరాకుండా చేయించారు. ఒక్కో గుత్తినీ విప్పి చూసుకున్న తోట మధ్యాహ్నానికి ఒక కుప్ప అయింది. రూత్ దాని పక్కనే కూలబడి ఏడ్చింది. నేనూ పక్కన కూర్చున్నాను.

పొలం అమ్మకానికి పెట్టారు. కొన్నవాళ్ళు అందులో మొక్కజొన్న వేసి మందులు కొడతారో, టౌన్‌హౌసులే కడతారో తెలియదు. ఇలాంటి మహనీయులు మళ్ళీ పుడతారని ఆశపడుతూ ముగించడం సంస్మరణల ఆనవాయితీ. నాకు ఆ ఆశ లేదు. ఆమె విద్య నేర్చుకున్నది నేనొక్కదాన్నే, అదీ సగమే, అదీ నేల లేనిదాన్ని. నివాళి అంటే ఏదో ఒకటి సమర్పించాలంటారు. ఆమె సమాధి మీద పెట్టడానికి ఆమె పెంచిన పువ్వు ఒక్కటి కూడా మిగల్లేదు.

ఆంటీ, మీ పంట పండింది. మీరు కోరుకున్నట్టే పండింది. మేము కోయలేకపోయాం.