ఐదున్నర శ్రుతి

ఇరవై రెండేళ్లుగా ఒక మాట గొంతుకు అడ్డం పడి ఉంది. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అందుకే చెబుతున్నాను. తెలిసినవాళ్లతో చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు ఎందుకు పడుతుంది?

సుభద్రా నేనూ రాజమండ్రిలో ఒకే మాస్టారి దగ్గర పాట నేర్చుకున్నాం. తనది కడియం, మొక్కల నర్సరీ వాళ్లమ్మాయి. పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. నాకు వయొలిన్ కూడా వచ్చు. అదే నా కొంప ముంచింది. ఊళ్లో ఏటా జరిగే సంగీత ఉత్సవాల్లో మా శిష్యుల్లో ఒక్కరికే పూర్తి కచేరీ చేసే అవకాశం వస్తే మాస్టారు దాన్ని సుభద్రకిచ్చి, నన్ను పక్కన వయొలిన్ పట్టుకుని కూర్చోమన్నారు. పాడటంలో నేనేం తక్కువ? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మండటం తప్పు కాదు. ఆ తర్వాత చేసిందే తప్పు.

శ్రుతి పెట్టె నాది. మా దగ్గర శ్రుతి చూసుకునేది వయొలిన్ వాళ్లే, పాడేవాళ్లు కళ్లు మూసుకుని నమ్మేస్తారు. సుభద్ర పాడేది ఐదు శ్రుతికి; అంకె పెరిగేకొద్దీ గొంతు ఇంకా పైకి లాగాలి. ఆ రోజు మాకంటే ముందు పాడినావిడ నా పెట్టె అడిగి తీసుకుని, తన గొంతుకు తగ్గట్టు ఐదున్నరకు పెంచుకుని, అలాగే వదిలేసి వెళ్లింది. తీగలు సరిచేసుకుంటుంటే నాకు తెలిసిపోయింది. వెనక్కి తిప్పడానికి క్షణం చాలు. తిప్పలేదు. నా తీగలు కూడా ఆ ఐదున్నరకే బిగించి కూర్చున్నాను. తను కొంచెం ఇబ్బంది పడితే చాలనుకున్నాను, అంతకు మించి ఏమీ కోరుకోలేదు, లేక ఇప్పుడలా సర్దిచెప్పుకుంటున్నానా?

కల్యాణి రాగం ఆలాపనలో పై స్థాయికి వెళ్లేసరికి సుభద్ర గొంతు చీలింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ చీలింది. ముందు వరసలో మాస్టారు తల దించుకున్నారు.

వేదిక దిగాక మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"శ్రుతేమైనా ఎక్కువైందంటావా?"

"లేదే, ఎప్పుడూ పెట్టేదే. ఐదే."

"అయితే నా గొంతే పోయిందన్నమాట. నీ వాయింపు కూడా పాడుచేశాను, ఏమనుకోకే."

నాకు క్షమాపణ చెప్పింది. నాకు. మాస్టారు ఎంత పిలిచినా మళ్లీ పాటకు రాలేదు. మరుసటి ఏడాది ఆ కచేరీ నేనే పాడాను. బాగుందన్నారు అందరూ.

పోయిన వారం ఫోన్ చేసింది. వాళ్లమ్మాయి పాడుతోందట. ఐదు శ్రుతికి హాయిగా అందుకుంటోందని ఆ పిల్ల గురువుగారు అంటున్నా, సుభద్ర మాత్రం నాలుగున్నర దాటనివ్వడం లేదట, తనలాగా గొంతు పోగొట్టుకుంటుందని భయం. ఎంత పెట్టమంటావని నన్నే అడిగింది. ఇంకెవరూ దొరకలేదా తల్లీ నీకు? ఒక్క మాట చెబితే సరిపోయేది. గురువుగారు చెప్పినట్టు చెయ్యమని గొణిగి ఫోన్ పెట్టేశాను. అదీ ఒక సలహానా?

ఆ పిల్ల ఈ పూట కూడా గొంతు అణుచుకునే పాడుతుంటుంది. ఇదంతా రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. ఆడుతున్నందుకు నా మీద నాకే కోపం వస్తోంది. సుభద్రకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఆ రోజు శ్రుతి ఐదు కాదే, ఐదున్నర. నీ గొంతుకేం కాలేదు.