మాలక్ష్మికి పట్టిన తుప్పు

శుక్రవారం దీపపు కుందిని చింతపండుతో తోముతుంటే, ఆ పులుపు వాసనకు నాయన గుర్తొస్తాడు.

అరవైల్లో మాకు కృష్ణపట్నంలో తెరచాప పడవ ఉండేది. ఒక సాయంత్రం నాయన, “రేపు మాలక్ష్మికి తుప్పు వదలగొట్టాల” అని అమ్మతో అన్నాడు. మాలక్ష్మిని నేనే. ఇక దెబ్బలు తప్పవనుకుని దేవుడి పటం ముందు ముడుచుకుని కూర్చున్నాను.

తెల్లారి నాయన నన్ను పడవ దగ్గరకు తీసుకుపోయి, చింతపండు చేతిలో పెట్టి, తెరచాప తాళ్లు కట్టే ఇనుప కడియాలు చూపించాడు.

“ఉప్పుగాలికి తుప్పు మరకలు పట్టినాయి. రుద్దు మే.”

“నన్ను కొట్టవా నాయనా?”

“నిన్నెందుకు కొడతా? పడవకీ నీ పేరే పెట్టినా గదా” అని నవ్వి, పడవ మీది అక్షరాలను నా వేలితో దిద్దించాడు.

నేను నేర్చిన తొలి అక్షరాలు అవే. ఇప్పటికీ కుంది మెరవగానే, దీపం వెలిగించే ముందు, అలాంటి నాయననిచ్చిన దేవుడికి దండం పెట్టుకుంటాను.