నారు మామ్మ వేళ్ళు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ నారు మామ్మే. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఉతికి అరిగిపోయిన ఆ చేతులతోనే ఏటా వెనక వసారాలో ట్రేల నిండా క్యాబేజీ నారు పోసేది. రైలు కట్ట పక్కన కూరగాయల మడులున్నవాళ్ళంతా ఆవిడ గుమ్మం తొక్కాల్సిందే. నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అని ఎవరైనా వేదాంతం మొదలుపెడితే, "పోసింది నేను, పొయ్యాల్సిందీ నేనే. అదీ పైమట్టి ఆరాకే. లేకపోతే మొదలు కుళ్ళి చస్తాయి" అని నోరు మూయించేది.

ఈ ఏడు ఆవిడ చూపు మసకబారింది. ఆ సంగతి కడుపులోనే దాచుకుంది. కొడుక్కి తెలిస్తే "ఇక చాల్లే అమ్మా, కూర్చో" అంటాడు. కూర్చోవడం కంటే ఆవిడకు పెద్ద శిక్ష లేదు. డాక్టరు ఇక ఇంతే అనేస్తాడని భయపడి అటువైపూ పోలేదు. నలుగురిలో గోడ పట్టుకోకుండా, అలవాటు మీద నెట్టుకొచ్చింది.

విత్తనాలు చల్లింది. మొలిచాయి. జంట మొలకాకులు ఎప్పటిలాగే వేలికి తగిలాయి. అసలాకులు వచ్చాక ఒక సాయంత్రం తడిమి చూసి ఉలిక్కిపడింది. ఆకు గరుగ్గా, నూగుతో ఉంది. క్యాబేజీ ఆకు నున్నగా ఉంటుంది, నీటిబొట్టు కూడా జారిపోతుంది. ఆకు నలిపి వాసన చూసింది. ఆవాలు! రెండు గింజలూ నలుసంతే, రంగూ ఇంచుమించు ఒకటే. కళ్ళున్నవాళ్ళే తికమకపడతారు, అందుకే డబ్బాల మీద చీటీలు అంటించింది. ఈసారి వాటిని చదవలేదు, చదివినట్టు నటించింది.

మర్నాడు, నారు కుళ్ళిపోయిందని అబద్ధమాడి పారబోద్దామని వసారాలోకి వెళ్ళింది. చెయ్యి పెడితే ఆకు నున్నగా తగిలింది. పక్క ట్రేలోనూ అంతే. తెల్లారేసరికి ఆవాలు క్యాబేజీ అయిపోయాయంటే నమ్మడానికి ఆవిడేం పసిపిల్ల కాదు. వేళ్ళు కాడ వెంట కిందికి జరిపింది. సన్నగా సాగి, ఒక పక్కకు వాలి ఉంది. వెలుతురు చాలని చోట దాచి పెంచిన నారు అది.

"అమ్మాయ్!"

కోడలు కుట్టుమిషను ఆపి వచ్చింది.

"ఈ నారెక్కడిదే?"

"నేనే పోశానత్తయ్యా. మిషను గదిలో, బీరువా పక్కన."

"ఎప్పుడు?"

"మీరు ఆవాల డబ్బా తీసిన రోజే."

మామ్మకు ముందు ఒళ్ళు మండింది, తర్వాత సిగ్గేసింది. ఇన్నాళ్ళూ పిల్లిలా కళ్ళు మూసుకుని పాలు తాగానన్నమాట!

"ఆ రోజే చెప్పి చావొచ్చుగా!"

"కళ్ళ సంగతి మీరే చెప్తారని చూశాను."

మామ్మ ట్రే ముందు చతికిలబడింది. ట్రేలు ఎవరు లాక్కుంటారోనని బెంగపడుతుంటే, ఈ పిల్ల వాటిని నిలబెట్టడానికి దొంగచాటుగా నారు పెంచింది.

"ఆవ మొక్కలేం చేశావ్?"

"రాత్రి ట్రేలు మార్చేసి, పొద్దున కూరలో వేశాను."

"ఆ ఘాటు అదా!" మామ్మ ముక్కు చీదింది. "పెంచావులే బక్కచిక్కిన నారు. ఆ కుండీలు ఇటు తే. కాడ పట్టుకోకు, నలిగితే బతకదు. ఆకు పట్టుకుని తియ్. మొలకాకుల దాకా మట్టిలోకి దించు, అవే నిలబడతాయి."

కోడలు ఒక్కో మొక్కే దించుతుంటే మామ్మ వేలితో లోతు చూసి, "ఇంకాస్త" అంటూ పోయింది. చివరి మొక్క మొదట్లో మట్టి అదిమాక, ఆ మట్టి చేత్తోనే కోడలి చెయ్యి పట్టుకుంది.

"రేపు నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావే?"

"రేపెందుకు, పదండి" అంటూ కోడలు చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టింది. మామ్మ వాటిని పాదాలతో తడిమి వేసుకుని, కోడలు చూస్తుండగానే గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచింది.