ప్రెసిడెంటు అరుగు మీద నవల

అరవైల్లో, వాకాడు నుంచి నాయుడుపేటకొచ్చే బస్సులో ఒక అయ్యవారు ట్రంకుపెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. బస్సు ఎగిరెగిరి పడుతున్నా ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తూనే ఉన్నాడు.

"ఏం రాస్తుండారు అయ్యవారూ?" అన్నాను.

"వారపత్రికకి నవల. మా ఊరి ప్రెసిడెంటు మీదే, పేరొక్కటే మార్చినాను. బడికొస్తే, చేపలు పట్టేవాళ్ళ పిల్లలు కూర్చున్న బెంచీని తువ్వాలుతో దులిపి గానీ కూర్చోడు. అదేందని అడిగినానని నన్ను బదిలీ చేయించినాడు."

"ఈ నవల చదివితే ఊరుకుంటాడా?"

"ఆయనకి చదువు రాదు. వారం వారం ఆయన అరుగు మీదే ఒకరు చదివితే ఊరంతా చేరి వింటారు. ఆ తువ్వాలుతో దులిపే చోటు వచ్చినప్పుడల్లా విరగబడి నవ్వుతారు. ఆయన కోపంతో లేచిపోతే అది తనేనని ఒప్పుకున్నట్టే గదా! అందుకని ఆయన కూడా నవ్వాల్సిందే."

"నవల చివర్లో ఆయన్ని చంపేస్తారా?"

"చంపితే ఆ నవ్వు ఒక్క వారంతో పోతుంది," అన్నాడు తల ఎత్తకుండానే. "నిండు నూరేళ్ళు బతికిస్తాను."

ఆ ప్రెసిడెంటు ఎప్పుడో పోయి ఉంటాడు. ఈనాటికీ ఎవరైనా తువ్వాలుతో దులిపి కూర్చుంటే నాకు నవ్వాగదు.