బెండిగో చర్చిలో కాంభోజి

జ్ఞానప్రసూనకు గొంతు పోయి రెండేళ్లయింది. పూర్తిగా మూగ కాదు. ఎదురుగా కూర్చున్నవాళ్లకు మాట వినిపిస్తుంది, పక్క గదిలోకి చేరదు. థైరాయిడ్ గడ్డ తీసినప్పుడు గొంతుకు వెళ్లే నరం దెబ్బతింది. అలా జరగవచ్చని డాక్టర్లు ముందే చెప్పారు. అది క్యాన్సర్ గడ్డ, తీయక తప్పలేదు. కొన్నాళ్లకు తిరిగి రావచ్చన్నారు. రాలేదు. గొంతులోకి ఇంజెక్షన్ చేశాక మాట కాస్త గట్టిపడింది గానీ శ్రుతి నిలవలేదు.

విజయనగరంలో సంగీతం నేర్చుకుని, పెళ్లయ్యాక భర్త రామ్మోహన్‌తో మెల్‌బోర్న్ వచ్చిన మనిషి ఆమె. క్రెయిగీబర్న్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు గ్యారేజీలో కార్పెట్ పరిపించి శనివారాలు పిల్లలకు పాట చెప్పడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లు అలాగే సాగింది. ఆపరేషన్ తర్వాత కీబోర్డు మీద స్వరం మోగించి చెప్పి చూసింది. రెండు మెట్ల మధ్య ఊగే గమకాన్ని కీబోర్డు పలకలేదు. పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. తల్లులు వచ్చి మర్యాదగానే చెప్పి వెళ్లారు. చివరికి సాహిత్య ఒక్కతే మిగిలింది.

సాహిత్య ఇక్కడే పుట్టింది. పాలపళ్లు ఊడే వయసులో పాటకు చేరి, ఫిజియోథెరపిస్టుగా ఉద్యోగంలో చేరాక కూడా రావడం మానలేదు. ఒక శనివారం పాఠం మధ్యలో అంది.

“ఆంటీ, బెండిగో హాస్పిటల్లో ట్రైనింగ్ ప్లేస్‌మెంట్ చేసినప్పుడు లంచ్ బ్రేక్‌లో అక్కడి కెథీడ్రల్‌కి వెళ్లేదాన్ని. చిన్న సౌండ్ చేసినా చాలాసేపు ఉంటుంది. యూ వోంట్ హావ్ టు పుష్. ఒక్క నోట్ ట్రై చేద్దాం, ప్లీజ్.”

“నా కోసం అంత దూరం ఎందుకే?”

టీ తెచ్చిన రామ్మోహన్ ఆ మాట విన్నాడు. “వెళ్లిరా ప్రసూనా. చర్చి చూసినట్టైనా ఉంటుంది” అన్నాడు. పాట ఊసు మాత్రం ఈమధ్య అతను ఎత్తడం లేదు.

ఆగస్టు చలిలో బయల్దేరారు. బంగారం దొరికిన రోజుల్లో పెరిగిన ఊరు బెండిగో. పాత ఇటుక భవనాల పైనుంచి చర్చి శిఖరం దూరానికే కనిపించింది. లోపల బయటికన్నా చలిగా ఉంది. కొనదేలిన తోరణాలు, వరసగా రాతి స్తంభాలు. రంగుటద్దాల వెలుగు నేల మీద ఎర్రగా, నీలంగా పడింది. ప్రసూన మెడ వెనక్కి వంచి పైకప్పు వైపు చాలాసేపు చూసింది. ఇంత ఎత్తు కట్టింది పాట కోసమే అయి ఉంటుందనుకుంది.

వచ్చినవాళ్లకు దారి చూపే ముసలావిడ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. సాహిత్య వెళ్లి పాడుకోవచ్చా అని అడిగింది. మధ్యాహ్నం పెళ్లి ఉందనీ, అప్పటిదాకా ఎవరూ రారనీ, పాడుకోమనీ ఆవిడ నవ్వుతూ చెప్పింది.

మొదట సాహిత్య కాంభోజి రాగం అందుకుంది. గొంతు స్తంభాల మధ్యగా పైకి వెళ్లి, నిండుగా విచ్చుకుంది. ప్రసూనకు ఒళ్లు జలదరించింది. అంతలో ధైవత స్వరం మీద నిలవవలసిన చోట సాహిత్య తొందరపడి కిందికి జారింది. ప్రసూన చెయ్యెత్తింది. సాహిత్య ఆపినా నాదం ఇంకా పైన తిరుగుతూనే ఉంది.

“మీరు చూపించండి ఆంటీ. మెల్లగా చాలు.”

ప్రసూన లేచి నిలబడింది. ధైవతం ఎక్కడుందో ఆమెకు తెలుసు, ఎలా ఊగాలో తెలుసు. కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. స్వరం అంచు తగిలినట్టే తగిలి, రెండుగా చీలి, గరగరమంటూ గాలిగా మిగిలింది. ఇన్నాళ్లూ ఆ గరగర ఆమెకు లోపలినుంచే వినిపించేది. ఇప్పుడది పైకప్పు దాకా వెళ్లి, పెద్దదై, తీరిగ్గా తిరిగి వచ్చింది. సాహిత్య చెప్పినట్టే చాలాసేపు ఉంది.

ముసలావిడ గ్లాసుతో నీళ్లు పట్టుకుని గబగబా వచ్చింది. ఈ చలికాలం ఊళ్లో అందరికీ ఇదే దగ్గని, వేడినీళ్లు తాగమని చెప్పి వెళ్లింది. ప్రసూన ఆవిడకు థాంక్స్ చెప్పి, నీళ్లు తాగి, చెక్క బల్ల మీద కూర్చుంది.

“ఇంక చాలమ్మా. నువ్వు వేరే టీచర్ని చూసుకో.”

“ఐ డోంట్ వాంట్ ఎనీవన్ ఎల్స్, ఆంటీ.”

“ఇందాక నువ్వు తప్పు పాడావు. తప్పని చెప్పగలిగాను. ఒప్పేదో పాడి చూపించలేకపోయాను. ఏడాదిగా ఆ తప్పు నీ గొంతులో గట్టిపడిపోతోంది. నా మీద ప్రేమతో నీ పాట పాడుచేసుకోకు.”

సాహిత్య ఏడ్చింది. ప్రసూన ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. పెళ్లివాళ్లు తెల్లపూల బుట్టలు తెచ్చి బల్లల చివర్లకు కట్టసాగారు. వాళ్లకు అడ్డం కాకూడదని ఇద్దరూ లేచి బయటికి వచ్చేశారు.

సిడ్నీలో, క్వేకర్స్ హిల్‌లో పాట చెప్పే ఉదయలక్ష్మి ప్రసూనకు పాత పరిచయం. ఫోన్‌లో తన మాట వినిపించదని ప్రసూన ఆమెకు మెసేజ్ రాసింది. సాహిత్య ఆన్‌లైన్‌లో అక్కడ చేరింది. కొన్ని నెలలకు తను పాడిన కాంభోజి రికార్డు చేసి పంపింది. ప్రసూన వంటింట్లో నిలబడి చివరిదాకా విన్నది. ఆ ధైవతం ఇప్పుడు ఉండవలసిన చోటే ఉంది. ఎత్తుగడ, ఊపిరి తీసుకునే తీరు, ముగింపు అన్నీ ఉదయలక్ష్మివే. తన బాణీ అందులో ఎక్కడా లేదు.

‘బాగుంది’ అని రాసి పంపి, ఫోన్ బోర్లా పెట్టేసింది.