బషీరున్నీసా పట్టిన పానా

గురజాల బస్టాండు దాటగానే మౌలాలీ సైకిల్ షాపు ఉండేది. ఎనభై మూడులో అతను మాచర్ల నుంచి లారీలో వస్తూ, దిగబోయి పడి కుడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పాక కూడా ఆ చేత్తో పానా తిప్పలేకపోయాడు.

రెండు నెలలు మూతబడ్డ షాపును అతని భార్య బషీరున్నీసా తెరిచింది. పన్నెండేళ్లుగా భర్తకు అన్నం తెచ్చి, అతను తినేలోపు రెండు పంక్చర్లు వేసేసేది. పని ఆమెకు కొత్త కాదు. ఆమె చేతికి సైకిల్ అప్పగించడం ఊరికి కొత్త. గాలి కొట్టించుకోవడానికి తప్ప ఎవరూ ఆగేవారు కాదు.

ఒక ఉదయం హైస్కూల్ లెక్కల మాస్టారు ప్రభాకరరావు సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు. బ్రేకు నొక్కితే కీచుమని వీధంతా వినిపించేది. క్లాసులో పిల్లలు ఆ కూత కూసి నవ్వేవారట. నరసరావుపేటలో రెండుసార్లు బ్రేకు రబ్బర్లు మార్పించినా తగ్గలేదు.

"మౌలాలీ, ఇంక నువ్వే చూడాలయ్యా."

"నేను కాదు సారూ, మా ఆమె చూస్తది," అన్నాడు మౌలాలీ.

మాస్టారు కాసేపు తటపటాయించి స్టాండు వేశారు. బషీరున్నీసా రిమ్ము మీద వేలితో రాసి వాసన చూసింది.

"సారూ, దీనికి నూనె ఎవురు రాస్తన్నారు?"

"నేనేనమ్మా. తుప్పు పట్టకుండా ఆదివారం ఆదివారం కొబ్బరినూనె రాస్తా."

"అదే కూయిస్తంది సారూ. చైనుకి రాయండి, రిమ్ముకి రాయమాకండి."

మాస్టారు సిగ్గుపడ్డారు. ఆ వెంటనే తనే నవ్వేశారు.

ఆమె ఇంటికెళ్లి గిన్నెడు కుంకుడు రసం తెచ్చి, రెండు రిమ్ములనూ రుద్ది కడగసాగింది. పక్క టీ కొట్టు పున్నారావు తొంగి చూశాడు.

"ఏందక్కా, సైకిల్‌కి తలంటుతన్నావా?"

"నీదీ తీసుకురా తమ్ముడూ, దానికీ అంటుతా."

రిమ్ములు తుడిచి ఆరబెట్టింది. నునుపెక్కిన రబ్బర్లను గరుకు కాగితంతో రుద్ది, రెండు వైపులా సమంగా ఆనేలా బిగించింది. మాస్టారు రోడ్డు పల్లం దాకా వెళ్లి, బ్రేకు నొక్కి చూసుకుని, హుషారుగా తొక్కుకుంటూ వచ్చారు.

"చప్పుడే లేదమ్మా! పట్టు కూడా చానా బాగుంది."

తన కొబ్బరినూనె సంగతి ఆయనే స్కూల్లో అందరికీ చెప్పుకున్నారు. ఆ వారమే నలుగురు మాస్టర్ల సైకిళ్లు వచ్చాయి. తరవాత చుట్టుపక్కల ఊళ్ల రైతులవీ వచ్చాయి.

మొదట్లో మౌలాలీ వంగని చేతిని చూసుకుని దిగులుపడేవాడు. పని పెరిగాక ఎడమ చేత్తో చక్రం పట్టుకుని, వచ్చినవాళ్లతో మిరప తోటల గురించీ పంచాయతీ తగాదాల గురించీ తీరిగ్గా మాట్లాడేవాడు. మాటలంటే అతనికి మొదటినుంచీ ఇష్టం. బషీరున్నీసా తల వంచుకుని చక్రం పుల్లలు బిగిస్తూ, అతని మాటలకు ఉండుండి పైకే నవ్వేది.