రెండో వంపు దగ్గర నీళ్ళు

టౌరంగా ఊరి వెనక కొండల్లో పొద్దున ఎనిమిదైనా మంచు లేవదు. చెట్ల సందుల్లో ఒత్తిగిలి పడుకుని, ఎవరైనా వచ్చి కదిపితే అప్పుడు చూద్దాంలే అన్నట్టు ఉంటుంది. నెలలో మొదటి ఆదివారం శేషారత్నం తన పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిని ఆ మంచులోకి మెల్లగా పోనిచ్చేది. అద్దాలు దించుకునేది. టైర్ల కింద కంకర నలిగే చప్పుడు, ఎక్కడో టూయీ పిట్ట గొంతు సవరించుకునే చప్పుడు, అంతే. వారమంతా ఆమె కివీ పళ్ళ ప్యాక్‌హౌస్‌లో బెల్టు పక్కన నిలబడి మచ్చ పడ్డ కాయలు ఏరేది. ఇంటికొచ్చి కళ్ళు మూసుకున్నా ఆ కాయలు రెప్పల వెనక దొర్లుతూనే ఉండేవి. అడవి గేటు దాటాకే ఒక్కొక్కటిగా ఆగిపోయేవి.

ఆమెకు నలభై ఏడేళ్ళు. నాయనమ్మ పేరు పెట్టారు కాబట్టి శేషారత్నం. అడవి దారులు బాగు చేసే క్లబ్బులో వాళ్ళకు రత్నా. ఇరవై మూడో ఏట చదువుకోడానికి ఆక్లండ్ వచ్చింది. శాండ్రింగ్‌హామ్‌లో మరో ముగ్గురు అమ్మాయిలతో ఒక ఫ్లాట్‌లో ఉంది. అక్కడే ఈశ్వరరావును పెళ్ళి చేసుకుంది. అతనికి టౌరంగా పోర్టులో ఉద్యోగం దొరికాక ఇద్దరూ ఇటు వచ్చి సెటిల్ అయ్యారు. ఒక్కతే కూతురు, సిరి. తల్లి తెలుగు మొత్తం అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది.

బురదే ఆమెను ఈ పనిలోకి దింపింది. ఆరేళ్ళ కిందట, బండి కొన్న కొత్తలో, ముగ్గురూ సరదాగా మిల్లు దారికి వెళ్ళారు. ఒకప్పుడు కలప మిల్లుకు దుంగలు లాగిన దారి అది. ఇప్పుడు అటవీ శాఖ వాళ్ళు ఇలాంటి బండ్లు నడుపుకోడానికి వదిలేశారు. పది నిమిషాలు కాకముందే బండి ఇరుసుల దాకా కూరుకుపోయింది. ఆ దారిని బాగు చేసే క్లబ్బు వాళ్ళు అప్పుడే పారలతో అటు వస్తూ, తాడు కట్టి లాగారు. వాళ్ళలో పెద్దాయన మర్రీ. డెబ్బై దాటినవాడు. ఆయన తాడు చుట్టుకుంటూ, "వచ్చే నెల మొదటి ఆదివారం పని ఉంటుంది. పార పట్టగలిగితే రా," అన్నాడు. మర్యాదకు అన్న మాట. శేషారత్నం నిజంగానే వెళ్ళింది.

ఈశ్వరరావు ఒకసారి తోడు వెళ్ళి, నడుము పట్టేసి మానేశాడు.

"బండి నడిపే సరదా నాకు తెలుసు గానీ, ఎవరో నడుపుకోడానికి రోడ్డు తవ్వే సరదా ఏంటి రత్నం?" అనేవాడు పక్కమీద నుంచే.

"అది చెప్తే వచ్చేది కాదులెండి. మీరు పడుకోండి," అనేది ఆమె డబ్బాలో పులిహోర సర్దుకుంటూ.

గేటు దగ్గర అందరూ బూట్లు బ్రష్షుతో రుద్ది, చక్రాలు కడుక్కుని క్రిములు చచ్చే మందు చల్లుకోవాలి. బయటి మట్టితో వచ్చే జబ్బుకు కౌరి చెట్ల వేళ్ళు కుళ్ళిపోతాయి. ఆ కడుగుడు ఆమెకు భలే ఇష్టం. ఎవరింట్లోకో అడుగు పెట్టబోతూ కాళ్ళు కడుక్కున్నట్టు అనిపించేది. లోపలికి వెళ్ళాక ముళ్ళపొదలు నరకడం, దారి పక్క కాలవల్లో పూడిక తీయడం, పడిన కొమ్మలు ఈడ్చి పారేయడం. మధ్యాహ్నానికి చేతులు బరువెక్కేవి. అప్పుడు నాచు పట్టిన దుంగకు ఆనుకుని కూర్చుంటే, ఎత్తైన ఫెర్న్ చెట్ల గొడుగుల కింద వెలుగు పచ్చగా, నీళ్ళడుగున ఉన్నట్టుగా ఊగేది. తను ఉన్నది ఏ దేశమో, ఏ వయసులోనో ఒక్కోసారి తెలిసేది కాదు.

ఆ దారిలో రెండో వంపు దగ్గర ప్రతి చలికాలం గండి పడేది. కొండ మీంచి వచ్చే వాగును దారి కింద నుంచి పంపడానికి మర్రీ ఇరవై ఏళ్ళ కిందట తన చేతులతో ఒక గొట్టం వేశాడు. అది కొట్టుకుపోయినప్పుడల్లా ఇంకాస్త పెద్దది వేస్తూ వచ్చాడు. కిందటేడు ఒక్క చలికాలంలోనే మూడోసారి దారి తెగిపోయి, మట్టంతా కింది ఏట్లో కలిసింది. అటవీ శాఖ ఆఫీసరు హినే స్వయంగా వచ్చి చూసింది. ఆమె ఇక్కడి మూలవాసులైన మావోరీల పిల్ల, మెత్తగా మాట్లాడుతుంది.

"కింద చేపలు గుడ్లు పెట్టే చోటు ఉంది మర్రీ. ఈసారి చలికాలం దారి నిలబడితే సరి. నిలబడకపోతే గేటుకు శాశ్వతంగా తాళం వేస్తాం," అంది.

బండ్లు నడిపేవాళ్ళ సంగతి ఎలా ఉన్నా, పిట్టల గూళ్ళు దోచే ఎలకలకు బోనులు పెట్టేవాళ్ళు ప్రతి వారం ఆ దారినే లోపలికి వెళ్తారు. అది మూస్తే వాళ్ళు అయిదు గంటలు నడవాలి.

మే నెల, అంటే ఇక్కడ చలికాలం ముంగిట, మొదటి ఆదివారం వాన. పని రద్దయిందని శనివారమే కబురొచ్చింది. శేషారత్నం మర్రీకి ఫోన్ చేసింది.

"మర్రీ, వాన పడుతుండగా మీరెప్పుడైనా ఆ వంపు దగ్గర నిలబడి చూశారా?"

"వాన పడితే పని రద్దు చేస్తాం కదా. ఎందుకు నిలబడతాం?"

"రేపు నిలబడదాం. నాతో రండి."

"టీ ఫ్లాస్కు నేను తెస్తా," అన్నాడు.

ఇద్దరూ రెయిన్‌కోట్లలో ఆ వంపు దగ్గర నిలబడ్డారు. ఆకుల మీద వాన, వాన మీద మంచు, అడవంతా ఎక్కడికో తేలిపోతున్నట్టు ఉంది. శేషారత్నం దారి పక్కన ఫెర్న్ ఆకులు కోసుకుంది. పైన ఆకుపచ్చగా, అడుగున వెండిలా తెల్లగా ఉండే ఆకులు. వాగు ఎగువకు ఎక్కి, తెల్లవైపు పైకి ఉండేలా ఒక్కొక్క ఆకూ నీళ్ళ మీద వదిలింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు మర్రీ.

"మా నాన్న గోదావరి కాలవ మీద లస్కరు. అంటే గట్లు కాపలా కాసి, తూములు ఎత్తి దించే పని. గట్టులోంచి నీళ్ళు ఎక్కడ దొంగతనంగా పోతున్నాయో తెలియాలంటే ఊక చల్లేవాడు. ఊక ఎక్కడ సుడి తిరిగి మునిగితే అక్కడ బొక్క. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని."

పదకొండు ఆకులు వదిలింది. రెండే గొట్టం దాకా వచ్చాయి. మిగతావి గొట్టానికి మూడు గజాల ఎగువన, ఒక మొద్దు వేరు పక్కకు జరిగి, గిర్రున ఒక్క చుట్టు తిరిగి మాయమయ్యాయి. మర్రీ మోకాళ్ళు పట్టుకుంటూ దిగువకు వెళ్ళి చూశాడు. దారి అడుగునుంచి, గొట్టానికి ఎంతో పక్కగా, ఒక తెల్లని ఆకు చినిగి బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి.

నీళ్ళు ఎప్పుడూ ఆ గొట్టాన్ని పట్టించుకోలేదు. లోలోపల దారిని తొలుచుకుంటూనే ఉన్నాయి.

"గొట్టం తీసేద్దామా?" అంది శేషారత్నం భయం భయంగానే. "ఆ బొక్క బంకమట్టితో కూరి, ఇక్కడ దారిని కిందికి దించి, రాళ్ళు పరుద్దాం. నీళ్ళు పైనుంచే పోతాయి. బండ్లు ఆ నీళ్ళలోంచే దాటుతాయి."

మర్రీ ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆమెకిచ్చాడు. తను తాగలేదు. ఆ గొట్టం వైపే చూస్తూ నిలబడ్డాడు. "ఇరవై ఏళ్ళు," అన్నాడు చివరికి. ఖాళీ మూత అందుకుని ఫ్లాస్కుకు బిగించి, ఆమెకన్నా ముందే బండి వైపు నడిచాడు. పెద్దాయన మనసు నొప్పించానేమోనని ఆమెకు రెండు వారాలు అన్నం సయించలేదు. రాళ్ళు పరవడానికి క్లబ్బు అడిగితే హినే అనుమతి ఇచ్చిందన్న కబురు కూడా వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

పని మొదలైన రోజు ఆమె వెళ్ళేసరికి మర్రీ అందరికన్నా ముందే వచ్చి, నడుంలోతు గుంటలో దిగి, గొట్టానికి గొలుసు తగిలిస్తున్నాడు. "నేను వేసింది నేనే తీయాలి," అన్నాడు తలెత్తకుండా. బండి లాగితే గొట్టం పెద్ద నిట్టూర్పులాంటి చప్పుడుతో మట్టిలోంచి ఊడి వచ్చింది.

వారం వారం పని పెట్టుకున్నా నాలుగు ఆదివారాలు పట్టింది. పంతొమ్మిది మంది వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ రాళ్ళు అందించారు. ఏ రాయి ఎటు తిప్పాలో శేషారత్నం చెప్పేది. చెబుతూ ఉంటే ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించేది. ప్యాక్‌హౌస్‌లో రోజుకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి.

జులైలో తుఫాను వచ్చింది. మూడు రోజులు ఆకాశం విరిగిపడ్డట్టు కురిసింది. ఈశ్వరరావు కిటికీ దగ్గర నిలబడిన భార్యను చూసి, "ఇక్కణ్నుంచి కనపడుతుందా ఏంటి నీ వంపు?" అన్నాడు. కాసేపాగి, కుర్చీ తెచ్చి ఆమె వెనక వేశాడు.

నాలుగో రోజు హినే, మర్రీ, ఆమె కలిసి వెళ్ళారు. రెండో వంపు దగ్గర బండి ఆపేముందే నీళ్ళ చప్పుడు వినిపించింది. రాళ్ళ మీదుగా వాగు వెడల్పుగా, పల్చగా, అడుగున ప్రతి రాయీ కనిపించేంత తేటగా పారుతోంది. ఒక్క రాయి కదల్లేదు. హినే వంగి కింది ఏటిని చూసి, మట్టి రంగు లేదని రాసుకుంది. మర్రీ నీళ్ళలో అటూ ఇటూ నడిచి వచ్చి శేషారత్నం భుజం మీద చెయ్యి వేశాడు.

కానీ అక్కడితో అయిపోలేదు. ఇంకో రెండు మైళ్ళ పైన, కొండ చరియ విరిగి నాలుగో వంపును మొత్తంగా మింగేసింది. ఆ పైనున్న బయలు, అక్కడ నిలబడితే దూరంగా కనిపించే సముద్రం, ఇక బండ్ల మీద ఎవరికీ అందవు. దాన్ని బాగు చేయడం మనుషుల వల్ల అయ్యేది కాదని ముగ్గురికీ చూడగానే తెలిసిపోయింది. హినే కింది దారిని తెరిచే ఉంచుతానని, పైదాన్ని అడవికి వదిలేస్తామని చెప్పింది. శేషారత్నం ఏడుస్తుందేమో అని మర్రీ చూశాడు. ఆమె మాత్రం విరిగిన మట్టి మీద అప్పుడే తేలిన చిన్న చిన్న ఊటలను చూస్తూ, అవి ఎటు పోతాయో అనుకుంటోంది. బోనుల వాళ్ళకు నడక అయిదు గంటలు కాకుండా గంటన్నరతో సరిపోతుంది. అది చాలనుకుంది.

సెప్టెంబరులో ఒక ఆదివారం, పని లేని రోజు, ఇంట్లో ముగ్గురూ మిల్లు దారికి వెళ్ళారు. అడిగింది ఈశ్వరరావే. సిరికి కొత్తగా లెర్నర్ లైసెన్సు వచ్చింది. స్టీరింగు ముందు అది, పక్కన తండ్రి. వాగు దగ్గర బండి ఆగింది.

"అమ్మా, ఈజ్ ఇట్ డీప్?"

"లోతు లేదమ్మా. మధ్యలో బ్రేక్ మాత్రం వెయ్యకు."

శేషారత్నం బండి దిగి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళలోకి దిగింది. చలికి పాదాలు జివ్వుమన్నాయి. బండికి ఎదురుగా తిరిగి, రెండు చేతులూ ఎత్తి, రమ్మని సైగ చేస్తూ ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది. పెద్ద బండి జంతువులా వెచ్చగా ఊపిరి వదులుతూ, ఆమె చేతుల వెంటే, రాళ్ళ మీదుగా మెల్లగా వచ్చింది.